గుడ్డినీటిలో భాషాధికారి

ముక్కామల దక్షిణామూర్తికి నీళ్ళంటే భయం. ఉద్యోగంలో చేరేటప్పుడు ఎవరూ అడగలేదు కనక ఆయనా చెప్పలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు ప్రభుత్వ కళాశాలలో తెలుగు పాఠం చెప్పి, ఆపైన రాష్ట్ర పారిభాషిక పదకల్పన మండలిలో భాషాధికారిగా చేరిన మనిషికి నీళ్ళతో ఏం పని పడుతుంది? ఇంట్లో స్నానానికి బకెట్టూ చెంబూ ఉన్నాయి. పుష్కరాలకు వెళ్ళినప్పుడు సైతం రెండో మెట్టు మీద కూర్చుని, నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకుని, భార్య విశాలాక్షి వేసిన మునకల్లో సగం తనవేనని తృప్తిపడి ఇంటికొచ్చాడు.

మండలిలో ఆయన పని మాటలు పుట్టించడం. ఏడేళ్ళలో నాలుగు వేల పైచిలుకు పుట్టించాడు. వాటిలో పదకొండు జనం నోళ్ళలో ఉన్నాయని ఆయన అంచనా. ఆ పదకొండులోనూ తొమ్మిదింటిని వాడుతున్నది తానొక్కడేనని ఆయనకు తెలుసు. మిగిలిన రెండూ ఎవరు వాడుతున్నారో కనిపెట్టి, వీలైతే వాళ్ళకు ఒకసారి కాఫీ ఇప్పించాలని చాలా కాలంగా కోరిక.

ఆ ఏడు వరదల్లో జనాన్ని కాపాడిన వాళ్ళకు రాజధానిలో సన్మానం జరిగింది. రేగులవలస జలాశయంలో పనిచేసే డైవర్ మైలపల్లి ఎల్లాజీ కూడా వేదిక ఎక్కాడు. ఇరవై రెండేళ్ళుగా నీటి అడుగున తూముల తలుపులు బాగుచేస్తున్న మనిషి. శాలువా కప్పిన అమాత్యులు ముచ్చటపడి, “నీళ్ళలో దిగేటప్పుడు ఏమేం తగిలించుకుంటావయ్యా?” అని అడిగారు. ఎల్లాజీ చేతులు కట్టుకుని, “హెల్మెట్టు, హోసు, రెగ్యులేటరు, వెయిట్ బెల్టు, ఫిన్సండి” అన్నాడు. అమాత్యుల ముఖం వాడిపోయింది. మైకు అందుకుని, “నేల మీద తెలుగు సంగతి మనందరికీ తెలిసిందే. చివరికి నీళ్ళ అడుగున కూడా లేకుండా పోయిందన్నమాట” అని కళ్ళు తుడుచుకున్నారు. సభ కూడా తుడుచుకుంది.

వారం తిరిగేసరికి ఉత్తర్వు వచ్చింది. నీటిమట్టానికి దిగువన తెలుగును సంపూర్ణంగా అమలు చేయాలన్నది దాని సారాంశం. ఉత్తర్వు ఇంగ్లీషులో ఉంది. తెలుగు ప్రతి తరువాత పంపబడుతుందని చివర రాసి ఉంది, అదీ ఇంగ్లీషులోనే.

మండలి అధ్యక్షులు డాక్టర్ చిలకపాటి పరాంకుశం గారు ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని సమావేశం గదిలోకి వచ్చారు. ఆయన మాట్లాడితే అచ్చయిన పుస్తకం చదువుతున్నట్టు ఉంటుంది.

“భూతలమున మాతృభాష అమలునకు ఆటంకములు అనేకము. ప్రజలున్నారు, వారికి నోళ్ళున్నవి. జలాంతర్భాగమున అట్టి చిక్కు లేదు. అచట పనిచేయువారు అల్పసంఖ్యాకులు. పైగా నోటిలో గొట్టముండును గనుక అభ్యంతరము చెప్పజాలరు. మన మండలి చరిత్రలో ఇంతకన్న అనువైన క్షేత్రము లభించలేదు” అన్నారు.

వెంటనే జలాంతర పదకల్పన ఉపసంఘం ఏర్పడింది. దక్షిణామూర్తి, ఒక సంస్కృత పండితుడు, పదవీ విరమణ చేసిన ఒక రసాయన శాస్త్రాచార్యుడు సభ్యులు. చర్చలు రాసుకోవడానికి మండలి జూనియర్ అసిస్టెంటు సులోచన. నలుగురిలోనూ ఈత వచ్చింది సులోచన ఒక్కతెకే. ఆమెకు మాట్లాడే అధికారం లేదు.

ఉపసంఘానికి పరాంకుశం గారు ఒకే ఒక నియమం పెట్టారు. వాడుకలో ఉన్న మాట పారిభాషికం కాజాలదు. “అందరికీ తెలిసిన మాట కొరకు మనమెందులకు?” అని ఆయన అడిగారు. చాలా నిజాయితీగల ప్రశ్న అనిపించి దక్షిణామూర్తి దాన్ని కాగితం మీద రాసుకున్నాడు.

పని జోరుగా సాగింది. హెల్మెట్టు ‘జలాంతర శిరోవేష్టనం’ అయింది. నడుముకు కట్టుకునే సీసపు పట్టీ ‘సీసభార కటిమేఖల’ అయింది. కాళ్ళకు తొడుక్కునే రబ్బరు రెక్కలకు ‘పాదపక్షద్వయం’ అని పండితుడు నామకరణం చేసి, ఒకటి ఊడిపోతే ఏమనాలన్న ప్రశ్న మీద ఒక పూట గడిపాడు. గాలిగొట్టం దగ్గర మూడు రోజులు ఆగిపోయారు. దక్షిణామూర్తి ‘ప్రాణవాయు నాళిక’ అంటే, ప్రాణవాయువు అంటే ఆక్సిజన్ ఒక్కటేననీ, గొట్టంలో వచ్చేది మామూలు గాలి అనీ రసాయన శాస్త్రాచార్యుడు ససేమిరా అన్నాడు. చివరికి ‘సంపీడిత సామాన్య వాయు ప్రసరణ నాళిక’ దగ్గర రాజీ కుదిరింది. బాగా లోతుకు పోతే మనిషికి తాగినట్టు మత్తెక్కడాన్ని ‘నత్రవాయుజన్య అగాధోన్మాదం’ అన్నారు. ఆ మాట దొరికిన రోజున దక్షిణామూర్తికి నీళ్ళలో దిగకుండానే అది కొంచెం పట్టుకుంది.

అన్నిటికన్నా ఆయన మురిసిపోయింది రెగ్యులేటరు దగ్గర. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న విశాలాక్షి ఎదుట నిలబడ్డాడు.

“శ్వాసవాయు పీడన క్రమబద్ధీకరణి” అన్నాడు.

“ఎవరికండీ?” అంది విశాలాక్షి.

“ఎవరికీ కాదు. ఊపిరి అందించే యంత్రం. నేనే కట్టాను ఆ మాట.”

“అది చెడిపోతే నీళ్ళలో ఉన్నవాడు పైవాళ్ళకి ఇదంతా చెప్పాలా?”

“చెప్పాలి మరి.”

“చెప్పేదాకా ఊపిరి ఉంటుందా?”

“అది పదకల్పన పరిధిలోకి రాదు” అన్నాడు గాని, అన్నం తింటున్నంతసేపూ ఆ మాటను లోలోపల పలుకుతూనే ఉన్నాడు. ఒక్క ఊపిరిలో నాలుగుసార్లు పలకగలిగాడు. పరవాలేదనుకుని ఇంకొంచెం మజ్జిగ పోయించుకున్నాడు.

మాటలయ్యాక సైగలు మిగిలాయి. నీళ్ళలో డైవర్లు చేత్తో చేసుకునే సైగలు ప్రపంచమంతా ఒకేలా ఉంటాయనీ, అంటే అవి విదేశీయాలేననీ ఎవరో పరాంకుశం గారి చెవిన వేశారు. “మన నాట్యశాస్త్రమున హస్తములకు కొదవా?” అని ఆయన ఒక నాట్యాచార్యురాలిని పిలిపించారు. ఆమె రెండు నెలలు పరిశోధించి, అంతా బాగానే ఉందని చెప్పడానికి హంసాస్య హస్తాన్ని ఖరారు చేసింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి మిగిలిన మూడు వేళ్ళూ చాచడం. పైకి వెళ్ళడానికి శిఖర హస్తం. పిడికిలి బిగించి బొటనవేలు పైకెత్తడం. ప్రపంచంలో డైవర్లందరూ చేసే సైగలు సరిగ్గా ఇవేనని సులోచనకు తెలుసు. ఆమె సంగతి చెప్పాను కదా, రాసుకుంది. ప్రమాదాన్ని సూచించడానికి మాత్రం రెండు చేతులతోపాటు కళ్ళలో భయానక రసం కూడా పలికించాలని తీర్మానించారు.

పదకోశం నాలుగు వందల పుటలతో, తడవని కాగితం మీద అచ్చయింది. ప్రతి డైవరూ నీళ్ళలోకి ఒక ప్రతి తీసుకువెళ్ళాలి. దక్షిణామూర్తిని శిక్షణ కోసం రేగులవలస పంపారు.

జలాశయం గట్టు మీద రేకుల షెడ్డులో ఎల్లాజీ, అతని కింద పనిచేసే నలుగురూ బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అందరూ సముద్రపొడ్డు పల్లెల వాళ్ళు. ఎల్లాజీ పదకోశాన్ని చేత్తో ఎత్తి, బరువు చూసి, “బాగుందండి మేస్టారూ. ఇది కట్టుకుంటే సీసం అక్కరనేదు” అన్నాడు. వెటకారం కాదు. అతను నిజంగానే బరువు అంచనా వేశాడు.

దక్షిణామూర్తి గంటసేపు పాఠం చెప్పాడు. చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవడాన్ని ‘కర్ణపుట పీడన సమీకరణం’ అంటారన్నప్పుడు ఎల్లాజీ చెయ్యెత్తాడు.

“మేస్టారూ, అంటే సెవి ఇప్పడమేనా అండి?”

“చెవి విప్పడమా?”

“మేం అలగే అంటాం. అద్దం, నెత్తిన బుర్ర, గాలిగొట్టం, సీసం మొలతాడు. ఇయన్నీ మాకు తెలుగులోనే ఉన్నాయండి. నీళ్ళు మురికిగా ఉండి సెయ్యి కనపడకపోతే గుడ్డినీరంటాం. నీరు లాగీస్తంటే ఈడుపంటాం.”

దక్షిణామూర్తి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. “మరి సన్మానంలో ఇంగ్లీషులో ఎందుకు చెప్పావయ్యా?”

“ఇంజినీరు గారు పెద్దోళ్ళ ముందర మరియాదగా మాటాడమన్నారండి.”

గుడ్డినీరు. ఆ మాట దక్షిణామూర్తికి సూటిగా తగిలింది. దాని స్థానంలో తాము పెట్టింది ‘శూన్య దృగ్గోచరత’. ఏడేళ్ళలో తాను కట్టిన నాలుగు వేల మాటల్లో ఇలాంటిది ఒక్కటైనా ఉందా అని వెతుక్కుంటే, ఉన్న ఒక్కటీ పొరపాటున పడిందని గుర్తొచ్చింది. ఆ రోజే అధ్యక్షులకు ఫోను చేసి సంగతి చెప్పాడు.

“వారు వాడుచున్నారా?” అన్నారు పరాంకుశం గారు.

“రోజూ వాడుతున్నారండి.”

“అయినచో వ్యవహారమున ఉన్నట్లే. నియమము ప్రకారము అనర్హము” అని ఫోను పెట్టేశారు.

తరువాత పరీక్ష. మూడు గంటలు, నూరు మార్కులు. సమాసాలకు విగ్రహవాక్యాలు రాయాలి. రెండింటికి వ్యుత్పత్తులు రాయాలి. ఎల్లాజీకి నాలుగు మార్కులు వచ్చాయి. మిగిలిన వాళ్ళకు అవీ రాలేదు. ఐదుగురికీ జలప్రవేశార్హత రద్దయింది. ఉద్యోగాలు మాత్రం తీసివేయలేదు, మండలి అంత కఠినమైనది కాదు. అర్హత లేనివాళ్ళెవరూ నీళ్ళలో దిగకుండా గట్టు మీద కాపలా కాసే పని ఇచ్చారు. ఆ చుట్టుపక్కల దిగడం తెలిసినవాళ్ళు ఆ ఐదుగురే కనక, రెండు నెలలు తమను తామే కాపలా కాసుకున్నారు. నీళ్ళు లేని ఎల్లాజీ చూస్తుండగానే చిక్కిపోయాడు. అతని భార్య షెడ్డు దగ్గరికి వచ్చి, “ఇంటికాడ తొట్టిలో తలముంచుకుని కూకుంటన్నాడు బాబూ” అని దక్షిణామూర్తితో చెప్పి వెళ్ళింది. ఆయన చూస్తానన్నాడు.

శిక్షణాధికారికీ అర్హత ఉండాలి కనక దక్షిణామూర్తి కూడా పరీక్ష రాశాడు. ప్రశ్నపత్రం తనదే, జవాబులు తనవే, దిద్దడమూ తనే. నూటికి నూరూ వేసుకుంటే బాగుండదని మూడు మార్కులు కోసుకున్నాడు. ఎక్కడ కొయ్యాలో తెలియక చేతివ్రాత కింద కోశాడు. రాష్ట్రంలో జలాంతర ప్రవేశార్హత గల ఏకైక వ్యక్తి అని ధ్రువపత్రం వచ్చింది. సిగ్గుపడుతూనే దాన్ని పటం కట్టించాడు.

శ్రావణంలో ఎగువన వానలు పడ్డాయి. గుర్రపుడెక్క గుట్టలు గుట్టలుగా కొట్టుకొచ్చి, పట్నానికి తాగునీరు వెళ్ళే సొరంగం మూతి దగ్గర ఇనుప కమ్మీలకు అడ్డంపడింది. ముప్ఫై అడుగుల లోతున. మోటార్లు ఆగిపోయాయి. మూడు రోజులకు పట్నంలో కుళాయిలు ఎండిపోయాయి. నాలుగో రోజున పెద్దాసుపత్రిలో ఆపరేషన్లు వాయిదా వేశారు. జలాశయం ఇంజినీరు ఎల్లాజీని దింపడానికి అనుమతి అడుగుతూ మండలికి రాశాడు. వెంటనే జవాబు వచ్చింది. అర్హతగల వ్యక్తి రాష్ట్రంలో లభ్యముగా ఉండగా అనర్హులను దింపుట నియమవిరుద్ధము. సదరు వ్యక్తి శ్రీ ముక్కామల దక్షిణామూర్తి స్వయముగా జలప్రవేశము గావించవలెను.

దక్షిణామూర్తి ఉత్తర్వు చదివి విశాలాక్షి చేతిలో పెట్టాడు.

“ఈత రాదని ఒక్క ముక్క రాసి పడెయ్యండి” అంది విశాలాక్షి.

రాశాడు. పరాంకుశం గారు ఆయన్ని పిలిపించి, ఆ కాగితాన్ని తిరిగి ఇచ్చేశారు. “ధ్రువపత్రము గలవాడు తనకు అర్హత లేదనుట పత్రమును అవమానించుట. పత్రము చెల్లనిచో పరీక్ష చెల్లదు. పరీక్ష చెల్లనిచో పదకోశము చెల్లదు. మీ క్రమబద్ధీకరణి సైతము చెల్లదు. ఆలోచించుకొనుడు.”

ఆయన ఆలోచించుకున్నాడు. పట్నంలో బిందెలు పట్టుకుని తిరుగుతున్న జనం గురించి ఆలోచించాడని చెబితే బాగుండును. నిజానికి ఎక్కువగా ఆలోచించింది క్రమబద్ధీకరణి గురించే. యాభై ఆరేళ్ళ మనిషి ఒక మాట కోసం చావడానికి సిద్ధపడటం చూసి ఆయనకే నవ్వొచ్చింది. నవ్వు వచ్చినంత తొందరగా ధైర్యం రాలేదు.

ఐదో రోజు ఉదయం గట్టు మీద షామియానా వేశారు. పరాంకుశం గారు కొబ్బరికాయ కొట్టారు. సులోచన టెలిఫోను పెట్టె ముందు పదకోశం తెరిచి కూర్చుంది. హెల్మెట్లోంచి వచ్చే మాట ఆ పెట్టెకు తగిలించిన చెవి యంత్రంలో వినబడుతుంది, పెట్టెలో రికార్డవుతుంది. గట్టు మీది సిబ్బంది ఆమోదిత పదానికి మాత్రమే స్పందించాలని నియమం. ఎల్లాజీ దక్షిణామూర్తికి సీసం కట్టి, బుర్ర తగిలించే ముందు చెవి దగ్గర నెమ్మదిగా అన్నాడు.

“మేస్టారూ, బయపడకండి. నిచ్చెన ఒగ్గీకండి, గట్టిగా పట్టుకోండి. ఊపిరి బిగబట్టీకండి. తాడు నా సేతిలో ఉంటాది.”

“నీకు అర్హత లేదు కదయ్యా.”

“తాడుకి పరీచ్చ పెట్టనేదండి.”

దక్షిణామూర్తి ఇనుప నిచ్చెన మీద ఒక్కో మెట్టే దిగాడు. మోకాళ్ళు, నడుము, ఛాతీ. నీళ్ళు అద్దం మీదికి ఎక్కి తల మూసేశాయి. ఏడో మెట్టు దగ్గర చెవుల్లో మేకులు దిగినట్టయింది. కర్ణపుట పీడన సమీకరణం చేసుకోవాలని జ్ఞాపకం వచ్చింది గాని, అదెలా చేస్తారో పదకోశంలో లేదు. బుర్ర నిండా తన ఊపిరే బుస్సుబుస్సుమంటోంది. ఎదురుగా గోధుమరంగు చీకటి తప్ప మరేమీ లేదు. చేతులు నిచ్చెనకు అతుక్కుపోయాయి. పైకి లాగమని కోరడానికి ఆమోదిత వాక్యం ఒకటి ఉంది. ‘ఊర్ధ్వాకర్షణార్థము అభ్యర్థించుచున్నాను.’ ఆయన కూర్చినదే.

“ఊర్ధ్వా” అన్నాడు. “ఊర్ధ్వా, ఊర్ధ్వా.” అక్కడి నుంచి ముందుకు సాగలేదు. “లాగు” అన్నాడు చివరికి. “ఎల్లాజీ, లాగు నాయనా.”

చెవి దగ్గర సులోచన గొంతు వినబడింది. “సార్, ‘లాగు’ పదకోశంలో లేదు సార్. పర్యాయపదం చెప్పగలరా?” వెనక పరాంకుశం గారి మాట కూడా వినిపించింది. “రెండు వందల పదునాలుగవ పుట చూడుము.” కాగితాలు తిప్పుతున్న చప్పుడు. తాను ఇంత పుస్తకం ఎందుకు రాశానా అని జీవితంలో మొదటిసారి అనిపించింది. అంతలో నడుము దగ్గర తాడు బిగిసింది. బెండకాయ బుట్టను మేడ మీదికి లాగినట్టు ఎల్లాజీ ఆయన్ని లాగేశాడు.

గట్టు మీద పడుకోబెట్టి బుర్ర విప్పాక దక్షిణామూర్తి కాసేపు ఆకాశం చూశాడు. ఎల్లాజీ అప్పటికే చొక్కా విప్పుతున్నాడు.

“మీరు కూకోండి మేస్టారూ. నానెల్తాను.”

“అర్హత?” అన్నారు పరాంకుశం గారు.

దక్షిణామూర్తి లేచి కూర్చున్నాడు. ముక్కులోంచి నీళ్ళు కారుతున్నాయి. “రికార్డులో నా పేరే రాయండి. దిగింది నేనే.”

పరాంకుశం గారు చేతిగడియారం చూసుకున్నారు. “రికార్డు సక్రమముగా ఉన్నచో మండలికి అభ్యంతరము లేదు” అని, కళ్ళను షామియానా వైపు తిప్పుకున్నారు.

ఎల్లాజీ సీసం కట్టుకుని బుర్ర తగిలించుకున్నాడు. నిచ్చెన వాడలేదు. నీళ్ళలోకి జారిపోయాడు. సులోచన తన చెవి యంత్రం తీసి దక్షిణామూర్తి తలకు తగిలించింది. తాడూ గొట్టమూ ఎల్లాజీ మనుషులు పట్టుకున్నారు.

“అడుగుకొచ్చీసాను” అంది చెవిలో గొంతు. “గుడ్డినీరు. డెక్క కోస్తన్నాను.” పావుగంట కత్తి చప్పుడు, ఊపిరి చప్పుడు. కమ్మీలు తెరుచుకున్న కొద్దీ నీరు సొరంగంలోకి లాగడం మొదలైంది. “ఈడుపు వొచ్చింది” అన్నాడు ఎల్లాజీ. గొంతులో తేడా లేదు. ఒక నిమిషం తరువాత, “గొట్టం పట్టీసింది. వదులు.”

తాడు పట్టుకున్నవాళ్ళు దక్షిణామూర్తి ముఖంలోకి చూశారు. వెనక పరాంకుశం గారు ఏదో అంటున్నారు. దక్షిణామూర్తి అది వినలేదు. “వదులు” అన్నాడు. గొట్టం రెండు బారలు వదిలారు. చెవిలో ఊపిరి తప్ప ఏమీ లేదు. ఆ ఊపిరి పొట్టిగా, గట్టిగా వస్తోంది. దక్షిణామూర్తి తన ఊపిరి కూడా అలాగే తీస్తున్నాడు.

“సాలు” అంది గొంతు. “వొచ్చీసింది. ఇప్పుడు లాగండి. నెమ్మదిగా.”

“లాగండి” అన్నాడు దక్షిణామూర్తి. “నెమ్మదిగా.”

ఎల్లాజీ పైకి వచ్చేసరికి మోటార్ల గది నుంచి ఇంజినీరు పరుగెత్తుకొచ్చి నీళ్ళు ఎక్కుతున్నాయని చెప్పాడు. దక్షిణామూర్తి ఎల్లాజీ చెయ్యి పట్టుకున్నాడు. నిమిషం దాటినా వదల్లేదు. “ఒగ్గండి మేస్టారూ, సలేస్తంది” అని ఎల్లాజీ అంటే అప్పుడు వదిలాడు.

మరుసటి వారం మండలి సమావేశంలో రికార్డు వినిపించారు. అర్హతాపత్రధారి గొంతు మధ్యలో మారిపోయిందేమని రసాయన శాస్త్రాచార్యుడు అడిగాడు. లోతుకు పోతే కంఠము మారునని పరాంకుశం గారు సెలవిచ్చారు. ఆపైన, “నియమావళి ప్రకారము అర్హతాపత్రధారి జలాంతరమున పలికిన మాట ప్రామాణిక ప్రయోగము. గుడ్డినీరు, ఈడుపు, వదులు, లాగు ఇత్యాదులు ఆమోదముద్ర పొందినట్లే” అన్నారు.

“వాడుకలో ఉన్న మాట కూడదన్న నియమం ఏమైనట్టు?” అన్నాడు సంస్కృత పండితుడు.

“నీటి పైన వాడుకలో లేవు గదా.”

దక్షిణామూర్తి చెయ్యెత్తాడు. “మిగిలిన మాటలు కూడా అర్హతగలవాడు దిగి పలికితే చెల్లుతాయాండీ?”

“పలికినచో చెల్లక తప్పదు” అన్నారు పరాంకుశం గారు, కొంచెం అనుమానంగా.

దక్షిణామూర్తి సెలవు పెట్టి రేగులవలసలో గది తీసుకున్నాడు. ఎల్లాజీ చెప్పిన మాటలు ఇంకా యాభై నాలుగున్నాయి. ఎల్లాజీనే దింపి తన పేరు రాయించుకోవచ్చు. ఆ ఆలోచన రాలేదని కాదు, రోజూ పొద్దున్నే వచ్చేది. పట్నానికి నీళ్ళ కోసం ఒక అబద్ధం రాయించాడు, సరే. కానీ ఇన్నేళ్ళూ ఒక్క వస్తువునూ ముట్టుకోకుండా వాటికి పేర్లు పెట్టిన మనిషి, ఇప్పుడు వేరేవాళ్ళ మాటలు పలకడానికైనా తడవకపోతే ఎలా?

మొదటి రోజు తల మునిగేదాకా దిగి, “అద్దం” అని ఒక్క మాట పలికి పైకి వచ్చేశాడు. సులోచన వరుస సంఖ్య వేసి రాసుకుంది. రెండో రోజు రెండు మాటలు. మూడో రోజు జ్వరం. నాలుగో రోజు, బుర్ర లోపలి దిండుకు ముక్కు నొక్కి మూసుకుని ఊది చెవి విప్పడం ఎల్లాజీ నేర్పాడు. ఇదే పని గురించి తాము ఒకటిన్నర రోజు చర్చించామని దక్షిణామూర్తి చెబితే, “అంతసేపు ముక్కు మూసుకున్నారేటి మేస్టారూ” అని ఎల్లాజీ జాలిపడ్డాడు. ఏడో రోజున ఒక చెయ్యి నిచ్చెన వదిలింది. తొమ్మిదో రోజున విశాలాక్షి చూడటానికి వచ్చి, నీళ్ళలోంచి నెత్తి మీద నాచుతో లేచిన మొగుణ్ణి గుర్తుపట్టడానికి కొంత సమయం తీసుకుంది.

పదకొండో రోజున మాటలు అయిపోయాయి. చివరిది ‘నడిమాగుడు’. లోతు నుంచి వచ్చేటప్పుడు కీళ్ళు పట్టకుండా మధ్యలో ఆగి రావడం. ఆ మాట పలికి, నిజంగానే ఆగాడు ఆయన. పది అడుగుల లోతున, తాడు నడుముకు ఉండగా, రెండు చేతులూ వదిలేసి. వానలు తగ్గి నీరు తేరుకుంది. పైన వెలుగు ఆకుపచ్చగా కదులుతోంది. కింద నలుపు. తన ఊపిరి తనకు వినబడుతోంది, మధ్య మధ్య ఏమీ వినబడటం లేదు. భయం ఉందా అని చూసుకున్నాడు. ఉంది, కాని ఓ పక్కగా కూర్చుంది.

పైకొచ్చి తువ్వాలు కప్పుకుంటూ అడిగాడు. “ఎల్లాజీ, అలా మధ్యలో ఆగినప్పుడు ఒకలాగా ఉంటుంది చూడు. వెలుగూ, ఊపిరీ, ఏమీ వినబడకపోవడమూ. దాన్నేమంటారు మీరు?”

ఎల్లాజీ తాడు చుట్టడం ఆపి ఆలోచించాడు. “అది తెలుసండి. మా అయ్యకీ తెలుసు.”

“ఏమంటారు?”

“ఏటీ అనమండి. అక్కడ మాటాడం.”

సులోచన కలం పట్టుకుని చూస్తోంది. దక్షిణామూర్తి నోటికి అప్పటికే ఒక సమాసం వచ్చి నిలబడింది. ఐదు పదాలది, మంచి బిగువైనది. దాన్ని మింగేశాడు. “వరుస సంఖ్య వెయ్యమ్మా. పక్కన ఏమీ రాయకు” అన్నాడు.

ఆ మాటలతో కొత్త పదకోశం ముప్ఫై పుటల్లో వచ్చింది. ఎల్లాజీ మళ్ళీ పరీక్ష రాసి తొంభై ఎనిమిది మార్కులు తెచ్చుకుని నీళ్ళలోకి వెళ్ళిపోయాడు. ‘లేదు’ అని రాయాల్సిన చోట ‘నేదు’ అని రాసినందుకు రెండు మార్కులు పోయాయి. తిరిగి కలుపుదామని దక్షిణామూర్తి వాదించాడు గాని మండలి ఒప్పుకోలేదు.

నెల తరువాత ఆయనకు మెమో వచ్చింది. పదకోశమున చివరి వరుస సంఖ్యకు ఎదుట పదము గాని, అర్థము గాని లేకుండుట మండలి ప్రతిష్ఠకు భంగకరము. ఇందుకు ఏడు దినములలో సంజాయిషీ సమర్పించవలెను. ఆరు రోజులు ఆయన దాన్ని బల్ల సొరుగులో ఉంచాడు. ఏడో రోజు ఆదివారం. పొద్దున్నే కాఫీ తాగి, కాగితం తీసి, ‘ఆర్యా’ అని రాశాడు. తరువాత ఏం రాయాలో ఎంత ఆలోచించినా తట్టలేదు. కలం మూసి, తువ్వాలు భుజాన వేసుకుని, మధ్యాహ్నం భోజనానికి చూడొద్దని విశాలాక్షికి చెప్పి, రేగులవలస బస్సెక్కాడు.